చెల్లెలి కడుపు మీద నీలిగీత

నా పన్నెండో ఏట ఇంట్లో నాకొక పని అప్పజెప్పారు. రోజూ బడికి పోయేముందు చెల్లెలి కడుపు నొక్కి చూడటం.

అప్పుడు దానికి నాలుగేళ్లు. పట్నం శివార్లలో, దేవరయాంజాల్‌లో రేకుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. బాపు మేడ్చల్ వైపు ఒక కోళ్ల ఫారంలో పనిచేసేవాడు. దాణా వేసే వేళకు అక్కడుండాలి గనక తెల్లారకముందే సైకిలెక్కేవాడు. అమ్మ కొంపల్లి అపార్టుమెంట్లలో ఇంటిపని చేసేది. ఆరింటికి ఆమె కూడా వెళ్లిపోతే, ఇంట్లో ఇక మేమిద్దరమే.

చెల్లెలికి సికిల్ సెల్ జబ్బుందని దానికి రెండేళ్లు నిండకముందే తెలిసింది. ఒక చలికాలం దాని చేతులూ పాదాలూ బూరెల్లా ఉబ్బాయి. ముట్టుకుంటే కెవ్వుమనేది. ఊళ్లో సూదులేసే డాక్టరు చలికి వచ్చిన వాపన్నాడు. దగ్గర్లోని చిన్న సర్కారు దవాఖానలో నర్సు మాత్రం దాని వేళ్లను చాలాసేపు చూసి, "గిది మాతోని గాదమ్మా, పట్నం పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి" అంది. అక్కడ రక్తం తీసి చెప్పారు. అమ్మలోనూ బాపులోనూ సగం సగం దాగి ఉన్నది చెల్లెలిలో పూర్తిగా బయటపడిందట. నన్నూ పరీక్షించారు. నాలోనూ ఆ సగం ఉంది. "నీకేం గాదులే" అన్నారు. నాకేం కాదన్న మాట ఆ రోజు నాకు మంచిగా వినిపించలేదు.

ఒక లేడీ డాక్టరు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"తిల్లి ఎరుకేనా అమ్మా? మటన్ దుకాణంల అమ్ముతరు గదా."

అమ్మ తలూపింది. మా బడి పుస్తకంలో ప్లీహం అని ఉండేది దాన్నే.

"మనిషికి గూడ ఉంటది. ఎడమ దిక్కు, పక్కటెముకల కింద. ఈ పిల్లల రక్తకణాలు కొడవలి లెక్క వంకరపోతయి. ఒక్కోసారి పోయి ఆ తిల్లిల ఇరుక్కుంటయి. ఒంట్ల రక్తమంత అండ్లనే జమైతది. తిల్లి ఉబ్బుతది, పిల్ల తెల్లవడ్తది. గంటలల్ల అయిపోతది."

ఏమైపోతుందో ఆమె చెప్పలేదు. డాక్టరమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని చెల్లెలి కడుపు మీద పెట్టి, తిల్లి అంచు వేళ్లకు తగిలేలా చూపించింది. కోటు జేబులోంచి బాల్‌పెన్ను తీసి ఆ అంచు వెంట నీలిగీత గీసింది.

"ఇయ్యాల గిక్కడిదాక ఉంది. రోజూ సూడాలె. గీత దాటి కిందికొచ్చిందా, నడుమ ఎక్కడా ఆగొద్దు. సూదులు, గోలీలు అనుకుంట తిరగొద్దు. సీదా ఇక్కడికే రావాలె. రక్తం ఎక్కియ్యాలె."

రెండేళ్లు ఆ పని అమ్మే చేసింది. కొంపల్లి పని దొరికాక వేళ కుదరలేదు. నిద్రలో ముట్టుకుంటే చెల్లెలు ఏడ్చి కడుపు బిగబట్టేది, ఏమీ తెలిసేది కాదు. "నీ ఏళ్లు సన్నగుంటయి బిడ్డా, దానికి నొప్పి గాదు" అంటూ పని నాకిచ్చింది.

అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేదాన్ని. చెల్లెల్ని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కటెముకల కింద నాలుగు వేళ్లూ పెట్టి, దాన్ని గట్టిగా ఊపిరి తీసుకోమనేదాన్ని. ఊపిరితో పాటు లోపలినుంచి ఏదో వచ్చి నా వేళ్లను నెట్టేది. గీత దగ్గరే ఉంటే సరే. స్నానానికి గీత చెరిగిపోతుంది గనక ముందే చూసి, తరవాత మళ్లీ గీసేదాన్ని. చెల్లెలు దాన్ని ఆటనుకునేది. "అక్కా, చేతికి గడియారం గూడ గియ్యవా" అని మణికట్టు చాపేది. గీసేదాన్ని.

చెయ్యి పెట్టేముందు మాత్రం రోజూ ఈరోజేనేమో అనిపించేది. గీత దగ్గరే ఉందని తెలిశాక కూడా ఆ భయం పూర్తిగా పోయేది కాదు, రేపటికి జరిగేది. ఆదివారం చర్చిలో పాస్టరమ్మ చెల్లెలి కడుపు మీద చెయ్యుంచి ప్రార్థన చేసేది. అందరూ కళ్లు మూసుకుంటే నేను తెరిచి ఉంచి, ఆమె ఎంత గట్టిగా నొక్కుతోందో చూసేదాన్ని. క్రిస్మస్‌కు మటన్ కొట్టాయన కొసరుగా ఒక తిల్లి ముక్క వేస్తే, అమ్మ దాన్ని తీసి మళ్లీ ఆయన తక్కెడలో పెట్టేసింది.

ఆ వానాకాలం చెల్లెలికి మూడు రోజులు పడిశం, కొద్దిగా జ్వరం. ఊళ్లో డాక్టరు సిరప్ ఇచ్చాడు. జ్వరం తగ్గింది. నాలుగో రోజు పొద్దున నేను చెయ్యి పెడితే అంచు తగల్లేదు.

మళ్లీ చూశాను. గీత దగ్గర ఏ అంచూ లేదు. కడుపంతా ఒకే తీరుగా ఉంది. తిల్లి తగ్గిపోయిందనుకున్నాను. ఇంట్లో ఉండే పాత ఫోనుతో అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఇయ్యాల తిల్లి సేతికి దొరుకుత లేదు!"

"దొరుకుత లేదా? సరిగ సూసినవా?"

"రెండుసార్లు సూసిన."

"యేసయ్యా, స్తోత్రం" అంది అమ్మ. ఆమె వెనక నీళ్ల శబ్దం, గిన్నెల శబ్దం. ఫోన్ పెట్టేసి, చెల్లెలికి స్నానం చేయించాను. అలవాటు కొద్దీ పాత చోటే గీత గీశాను. చెల్లెలు ఆ రోజు గడియారం అడగలేదు. మంచినీళ్లడిగింది. తాగి, మళ్లీ అడిగింది.

అంగన్‌వాడీకి నడవనంది. ఎత్తుకున్నాను. దాని తల నా భుజం మీద తడిబట్టలా వాలిపోయింది. గుమ్మంలోనే టీచరమ్మ దాన్ని చూసి, కింది కనురెప్ప లాగి, పెదవి వంచి చూసింది.

"ఏందే, పిల్ల పెదాలు గింత తెల్లగున్నయి? మీ అమ్మ యాడుంది?"

అప్పుడు చూశాను. పొద్దున దాని ముఖాన్ని సరిగ్గా చూడనేలేదు, కడుపే చూశాను. దాన్ని అంగన్‌వాడీ చాప మీద పడుకోబెట్టి గౌను పైకెత్తాను. కడుపు ఎడమవైపు ఎత్తుగా ఉంది. ఈసారి చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక పొత్తికడుపు మీద పెట్టాను. బొడ్డు పక్కన, నేను గీసిన గీతకు బెత్తెడు కింద, రాయిలా గట్టిగా అంచు తగిలింది. పొద్దున నా చెయ్యి తిల్లి మీదే ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకునే అది లేదని అమ్మకు చెప్పాను.

టీచరమ్మ అంబులెన్సుకు ఫోన్ చేస్తే, ఉన్న బండి వేరే కేసుకు పోయిందని, వచ్చేసరికి ఆలస్యమవుతుందని చెప్పారు. ఆమె రోడ్డు మీదికి పోయి పాల ఆటోను ఆపింది. ఆటో ఆయన క్యాన్లన్నీ రోడ్డు పక్కన దింపేశాడు.

"శామీర్‌పేట దవాఖాన దగ్గర. గాడికి పోదాం" అందామె.

"వద్దు టీచరమ్మా! రక్తం కావాలె. పట్నమే పోవాలె. నడుమ ఆగొద్దన్నరు" అన్నాను. పెద్దవాళ్లకు నేనెప్పుడూ అలా ఎదురు చెప్పలేదు. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, "పోనియ్యన్నా, కొంపల్లి మీదికెల్లి పోనియ్యి" అంది. మాతో పాటు ఎక్కి, నన్ను నంబరడిగి, తన ఫోనులోంచి అమ్మను రోడ్డు మీదికి రమ్మంది.

దారిలో చెల్లెలు ఊపిరి తొందర తొందరగా తీస్తోంది. చెయ్యి చల్లబడింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. కొంపల్లిలో షాపింగ్ మాల్ ముందు అమ్మ రోడ్డంచున నిలబడి ఉంది, చెప్పుల్లేకుండా, మోచేతుల దాకా తడిగా. ఎక్కుతూనే చెల్లెలి ముఖం చూడకుండా కడుపు మీద చెయ్యి పెట్టింది. చెయ్యి ఒక చోట ఆగింది. నా గీత చూసింది. సుచిత్ర చౌరస్తా దగ్గర బండ్లు ఇరుక్కుని కదలకపోతే ఆటో ఆయన దిగి, చేతులు జోడిస్తూ ముందుకు నడుస్తూ దారి చేయించాడు.

దవాఖానలో అదే డాక్టరమ్మ. చెల్లెల్ని బల్ల మీద వేయగానే ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరారు. సూదికి నరం దొరకలేదు, పాదంలో వెతికారు. డాక్టరమ్మ చూపు గీత మీద పడింది.

"ఈ గీత ఎప్పటిది?"

"ఇయ్యాలటిదే" అంది అమ్మ.

"ఎవరు గీసిన్రు?"

నేను నోరు తెరిచాను.

"నేనే మేడం. పొద్దుగాల నేనే గీసిన. తెల్వక గీసిన" అంది అమ్మ.

డాక్టరమ్మ అందరి ముందూ అమ్మను కోప్పడింది. ఇంకో గంటయితే పిల్ల దక్కేది కాదంది. అమ్మ తల వంచుకుని నిలబడింది. నేను ఆమె వెనక నిలబడి, నోరు మూసుకుని, విన్నాను.

బాపు ఫారం నుంచి సీదా వచ్చాడు, బట్టలకు కోళ్ల వాసనతో. రక్తం ఇస్తానని చెయ్యి చాపాడు. చెల్లెలికి ఎక్కించే సీసా దవాఖాన నిల్వలోదే అయినా, దానికి బదులు ఇంటివాళ్లెవరో ఒక సీసా ఇవ్వాలట. మధ్యాహ్నానికి చెల్లెలి పెదవులకు రంగొచ్చింది. సాయంత్రం, "అక్కా, ఆకలైతుంది" అంది. మర్నాటికి తిల్లి సగం వెనక్కి పోయింది.

వెళ్లేరోజు డాక్టరమ్మ మళ్లీ అమ్మ చెయ్యి పట్టుకుంది. "పైనుంచి మొదలువెడితే చెయ్యి తిల్లి మీదనే పడ్తది, అంచు దొరకదు. పొత్తికడుపు కాడికెల్లి మెల్లగ పైకి రావాలె."

అమ్మ తన చెయ్యి వెనక్కి తీసుకుంది. నా మణికట్టు పట్టుకుని ముందుకు లాగింది. "దీనికి నేర్పియ్యుండ్రి మేడం."

డాక్టరమ్మ అమ్మనూ నన్నూ మార్చి మార్చి చూసింది. తరవాత నా వేళ్లు పట్టుకుని నేర్పింది.

మరుసటి ఏడు తిల్లి మళ్లీ ఉబ్బింది. ఈసారి గీత దాటిన గంటలోపే బయల్దేరాం. చెల్లెలికి ఆరేళ్లప్పుడు ఆపరేషన్ చేసి తిల్లి తీసేశారు. పీడ పోయిందని ఊళ్లో అన్నారు. డాక్టరమ్మ అలా అనలేదు. ఒంటికి కాపలా ఉండేది పోయిందనీ, ఇక ఏ జ్వరమైనా చిన్న జ్వరం కాదనీ, నూటొకటి చూపిస్తే అదే గంటలో రావాలనీ చెప్పింది.

చెల్లెలికిప్పుడు పద్నాలుగేళ్లు. నేను శామీర్‌పేట వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్తాను. నేను సర్దే డబ్బాల్లో, నొప్పులు రాకుండా చెల్లెలు రోజూ వేసుకోవాల్సిన మాత్రలుండవు. అవి దవాఖానలో ఒక నెల ఉంటాయి, ఒక నెల "ఇంక రాలే" అంటారు. రాని నెలల్లో దాని మోకాళ్లూ నడుమూ నొప్పితో పట్టేస్తాయి.

మొన్న బడివాళ్లు రెండు రోజుల టూరు వేశారు. అమ్మ వద్దంది. నేను పోనివ్వమన్నాను. ఒక కాగితం మీద దాని జబ్బు పేరు, ఏం చేయాలో రాసి సంచిలో పెట్టాను. నవ్వుతూ పోయి, నవ్వుతూ వచ్చింది. మర్నాడు పొద్దున దుప్పట్లోంచి లేవలేదు. థర్మామీటర్ పెడితే తొంభై తొమ్మిది. అమ్మ పనికి పోలేదు. ముగ్గురం థర్మామీటర్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. గంట తరవాత నూరు దాటింది.

"నూటొకటి గాలేదింక. ఇంకొకసారి సూద్దామా?" అన్నాను.

"ఎందుకక్కా" అంది చెల్లెలు. వణుకుతూనే లేచి, జడ ముడేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంది.

దవాఖానలో ఆరు రోజులుంచుకుని పంపారు. వచ్చిన సాయంత్రమే, పోయిన పాఠాలు రాసుకోవాలని పక్కింటి పిల్ల నోటు పుస్తకం తెచ్చుకుని కూర్చుంది. అమ్మ దాని వెనకగా వెళ్లి మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. చెల్లెలు తలెత్తకుండా రాసుకుంటూనే ఉంది.