మా నేల మీదే ఆట

మా కళాశాల బాస్కెట్‌బాల్ కోర్టుకు పైకప్పు ఉంది, గోడలు లేవు. మలేసియాలోని మా క్లాంగ్‌లో మధ్యాహ్నపు వాన నిటారుగా పడితే ఆ రేకుల కప్పు చాలుతుంది. గాలి తోడై ఏటవాలుగా వస్తే మాత్రం రంగు వేసిన సిమెంటు నేల సగానికి సగం తడిసిపోతుంది. అందువల్ల సొంత కోర్టు మీద ఆట ఉన్న ప్రతిసారీ ఆటగాళ్ళకంటే ముందే వచ్చి ఆ నేలను ఆరబెట్టవలసిన బాధ్యత అభిమానులది. ఈ సంగతి ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. ఇది మా కోచ్ పెట్టిన పద్ధతి.

మొదటి ఏడాది రెండో నెలలో నేను తొలిసారి ఆట చూడటానికి వెళ్ళాను. చేతిలో పాఠ్యపుస్తకం పట్టుకుని మెట్ల మీద ఒక చివర కూర్చున్నాను. అరవై దాటిన చీనా పెద్దాయన ఒకరు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నేరుగా నా దగ్గరికి వచ్చి పాత తువ్వాలు ఒకటి చేతికి ఇచ్చారు.

"నేను ఆడను సార్. చూడటానికి వచ్చాను," అన్నాను.

"ఆడేవాళ్ళకు తువ్వాలు ఇవ్వను. చూసేవాళ్ళకే," అన్నారాయన మలయ్‌లో, ఇక్కడి వాళ్ళందరిలా మాట చివర 'లా' చేరుస్తూ. "తుడవనివాళ్ళు అరవకూడదు లా. నోరు మూసుకుని చూడాలి. నీ ఇష్టం."

అప్పటికి నేను ఎక్కడా నోరు తెరిచి అరిచి ఎరగను. మా నాన్న కువాలా సెలంగోర్ దగ్గర పామాయిల్ గెలలు మోసే లారీ నడుపుతారు. మా ఇంటి నుంచి కళాశాల గడప తొక్కిన మొదటి మనిషిని నేను. కనిపించిన ప్రతి పెద్దవారినీ సార్ అని పిలవడం, ఇచ్చినదానికి ధన్యవాదాలు చెప్పడం, అడిగితే తప్ప మాట్లాడకపోవడం నాకు మర్యాదగా నేర్పినవి. ఆ మర్యాదతోనే తువ్వాలు తీసుకున్నాను. గంటసేపు మోకాళ్ళ మీద నేల తుడిచాను. ఆ సాయంత్రం ఆట చివరి నిమిషాల్లో ఎవరో గట్టిగా కేకలు పెడుతున్నారని చుట్టూ చూశాను. ఆ గొంతు నాదే.

మూడో ఏడాదికి నన్ను అభిమానుల బృందానికి కార్యదర్శిని చేశారు. ఉత్తరాలు తప్పులు లేకుండా రాస్తానన్నదే వాళ్ళు చూసిన అర్హత.

ఆ ఏడాది సొంత కోర్టు మీద ఆడవలసిన చివరి ఆటకు పన్నెండు రోజుల ముందు, సాయంత్రపు సాధనలో, ఫ్రీ త్రో గీత దగ్గర ఒక ఆటగాడి మోచేతిని సరిచేస్తూ, నాకు తువ్వాలు ఇచ్చిన ఆ కోచ్ కూలిపోయారు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది. అంత్యక్రియలకు మేమందరం తెల్లబట్టలతో వెళ్ళాం. ఆయన భార్య తమ ఆచారం ప్రకారం ఒక్కొక్కరి చేతిలో ఎర్రదారం ముక్క, ఒక మిఠాయి పెట్టి, "ఈసారి గెలుస్తున్నారా?" అని అడిగారు.

ఆ తరవాతి రోజు క్రీడా విభాగం అధికారి నన్ను పిలిపించారు.

"ఆయన పోయిన చోటే అప్పుడే కేరింతలు కొట్టడం బాగుండదు," అన్నారు మృదువుగా. "ఆయన మీద గౌరవంతో ఆ ఆటను అవతలి కళాశాల వాళ్ళ హాలుకు మారుస్తున్నాం. కోర్టును కొన్నాళ్ళు మూసి ఉంచుతాం. విద్యార్థులకు అభ్యంతరం లేదు కదా?"

లేదన్నట్టు తల ఊపాను. అంతటితో ఊరుకోలేదు. గదికి వెళ్ళి, మా బాధను అర్థం చేసుకున్నందుకు బృందం తరఫున ధన్యవాదాలు చెబుతూ చక్కని ఉత్తరం రాసి, సంతకం చేసి ఇచ్చి వచ్చాను. దాని నకలు బృందంలో అందరికీ పంపాను.

అరగంటలో మా డప్పు వాయించే స్నేహితురాలు నా గది తలుపు తట్టింది. తమిళ పిల్ల. కోపం వస్తే మూడు భాషలు కలిసి వస్తాయి.

"ధన్యవాదాలా? మన కోర్టు లాక్కుంటే నువ్వు ధన్యవాదాలు చెప్పావా?"

"గౌరవంగానే చెప్పారే..."

"నీ ఇంట్లో దొంగ పడితే కుర్చీ వేసి, టీ ఇచ్చి, బస్సు దాకా సాగనంపి వస్తావు లా నువ్వు! కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు? అడిగావా?"

అడగలేదు. వానలప్పుడు ఉద్యోగుల కార్లు ఆ కప్పు కిందకి చేరాలని చూడటం మాకు కొత్త కాదు. కోచ్ ఉన్నప్పుడు ఏ కారు వచ్చినా దాని ముందు నిలబడి, అది వెనక్కి వెళ్ళేదాకా బంతిని నేలకేసి కొడుతూ ఉండేవారు. నా ఉత్తరం అందిన మర్నాడు ఉదయం కోర్టు మధ్యలో రెండు కార్లు నిలబడి ఉన్నాయి.

శనివారం బస్సెక్కి ఇంటికి వెళ్ళాను. జరిగినదంతా చెప్పేలోపే అమ్మ గోడ మీది పంచాంగం క్యాలెండరు దించి చేతిలోకి తీసుకుంది.

"ఆయన పోయింది ఏ దినం?"

"బుధవారం సాయంత్రం."

అమ్మ వేలు గడుల మీద జరిగి ఒకచోట ఆగింది. "సూసినావా? ధనిష్ఠ! ఆరు నెల్లు ఆ సోటు మూసీవాల. మీ ఆపీసోలు తెలిసి సేసినారో తెలీక సేసినారో, మంచి పనే సేసినారు. నువ్వు ఆ పక్కకి ఎల్లకు."

ధనిష్ఠ వంటి కొన్ని నక్షత్రాలలో మరణం జరిగితే ఆ ఇంటిని నెలల తరబడి విడిచిపెట్టాలని మా వాళ్ళ నమ్మకం.

"ఆయన సీనా మడిసి గదే," అన్నారు నాన్న టీవీ ముందు నుంచి. "ఆలకి మన నచ్చత్రాలేటి?"

"సీనా మడిసైతే నచ్చత్రం ఒగ్గీస్తాదేటి? ఆకాసం ఆలకొకటి, మనకొకటీ ఉందా?"

వంటింటి గుమ్మంలో మునగాకు దూస్తున్న మామ్మ తల ఎత్తకుండానే అమ్మను అడిగింది. "నీ మావ ఏ నచ్చత్రంలో పోయినాడో ఎరుగుదువేటే?"

"నాకేటి తెలుసు అత్తా? అప్పటికి నాను రానేదు గదా."

"ధనిష్ఠే."

నాన్న టీవీ శబ్దం తగ్గించారు. ఆ సంగతి ఆయనకూ తెలియదని ముఖం చూస్తే అర్థమయింది. ఆయన పాకే వయసులో తాతయ్య పోయారు. అప్పుడు మా వాళ్ళు రబ్బరు ఎస్టేటులో, లయం అని పిలిచే కూలీల వరస ఇళ్ళలో ఉండేవారు. కూలీల మీది మేస్త్రీని కంగాణీ అనేవారు.

"మరి ఇల్లు మూసినారా?" అంది అమ్మ.

"మూసీసి ఎక్కడికెల్తామే? లయంలో గది మనదా? కంపినీది. ఒగ్గీయండి, ఒగ్గీయండని సుట్టుపక్కలోలు ఒకటే గోల. తాళమేసి ఎల్తే కంగాణీ మర్నాడే ఇంకొకలకి ఇచ్చీసును. పిల్లణ్ణి సంకనేసుకోని ఏ సెట్టు కింద కూకుంటాను? గుమ్మానికి అడ్డంగా కూకున్నాను. రమ్మను కంగాణీని అన్నాను. దీపమెట్టినాను, ఆడే వొండినాను, ఆడే తొంగున్నాను. నీ మొగుడు ఆడే నడక నేర్సినాడు."

"ఏటీ కాలేదా?"

"ఏటవుద్ది? వానలు కురిసినాయి. పాలు కోసినాం." రబ్బరు చెట్ల పాలు అని ఆమె ఉద్దేశం. తరవాత నా వైపు తిరిగింది. "నువ్వేటి సేసినావు? ఒగ్గీసినావా?"

"ఒగ్గేశాను మామ్మా. ధన్యవాదాలు కూడా చెప్పాను."

మామ్మ మునగాకు పక్కన పెట్టి మరీ నవ్వింది. "సదువుకున్నదానివి గదా. సక్కగానే సెప్పుంటావు."

ఆ ఎగతాళి నన్ను తాకినంతగా అంతకుముందు ఏ పరీక్ష ఫలితమూ తాకలేదు. ఆదివారం కూర్చుని, ఆట మా కోర్టు మీదే జరపమని అధికారికి రెండో ఉత్తరం రాశాను. వెళ్ళేటప్పటికీ అమ్మకు నా పని నచ్చలేదు. కానీ కోర్టు తుడవడానికి గుడ్డలు కావాలని నేను చెబితే, పాత నూలు చీరలు రెండు చింపి సంచిలో పెట్టింది.

సోమవారం ఉదయం అధికారి నా ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు.

"పోయిన వారం ధన్యవాదాలు చెప్పింది నువ్వే కదా?"

"అవును సార్. తొందరపడ్డాను. వెనక్కి తీసుకుంటున్నాను."

"ధన్యవాదాలను వెనక్కి తీసుకుంటావా?"

"అవును సార్."

ఆయన చెడ్డవారు కారు. అంత్యక్రియల్లో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి అసలు సంగతి చెప్పారు. వాన వస్తే ఆ నేలకు పూచీ ఎవరిది? ఇంతకాలం కోచ్ చూసుకున్నారు. ఇప్పుడు ఎవరైనా జారి కాలు విరగ్గొట్టుకుంటే జవాబు చెప్పేదెవరు? చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఆట నాలుగింటికి. మూడింటికి రిఫరీ వచ్చి నేల చూస్తారు. తడి ఉంటే గేటు దగ్గర సిద్ధంగా ఉంచిన బస్సులో అందరూ అవతలి వాళ్ళ హాలుకు వెళ్ళాలి. ఆ తరవాత కోర్టు గురించి మళ్ళీ అడగకూడదు.

"రాసి సంతకం చేస్తావా?"

ఈసారి ప్రతి వాక్యం చదివాకే చేశాను.

ఆ వారమంతా మేము పాఠాలు సరిగా విన్నామని చెప్పలేను. కోర్టులో ఉన్న రెండు కార్ల చుట్టూ ముప్పై మందిమి నిలబడి గంటసేపు బంతులు కొట్టాం. సాయంత్రానికి కార్లు వెళ్ళిపోయాయి. స్నేహితురాలు డప్పు తోలు బిగించింది. ఒక్కొక్కరూ ఇంటి నుంచి తువ్వాళ్ళు, లుంగీలు, దుప్పటి ముక్కలు తెచ్చారు. మా కెప్టెన్ రోజూ ఒంటరిగా ఫ్రీ త్రోలు వేసేవాడు. ఒక్కోసారి బంతి పట్టుకుని ఊరికే నిలబడిపోయేవాడు. అభిమానుల్లోనూ ఉన్నట్టుండి ఎవరో ఒకరు ఏడ్చేవారు. ఏడవవద్దని మేము అనలేదు. ఏడుస్తూనే తుడవడం అభ్యాసం చేయమన్నాం.

ఆట రోజు మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చింది. ఒంటిగంటకు ఓడరేవు వైపు ఆకాశం నల్లబడింది. పది నిమిషాల్లో గాలి, దాని వెంట వాన. నీళ్ళు కోర్టు సగం దాకా కొట్టాయి. కొబ్బరి ఈనెల చీపుళ్ళతో ముందు వరస నీళ్ళు తోస్తుంటే, వెనక వరస మోకాళ్ళ మీద గుడ్డలతో జరుగుతూ వచ్చింది. ఆరిన చోట మళ్ళీ జల్లు పడేది. మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. గాలి వచ్చే వైపు గొడుగులు పట్టుకుని పదిమంది గోడలా నిలబడ్డారు. గేటు దగ్గర బస్సు ఇంజను ఆగకుండా నడుస్తూనే ఉంది.

రెండున్నరకు అవతలి కళాశాల అభిమానులు దిగారు.

"ఇది బాస్కెట్‌బాలా, ఈత పోటీయా?" అని ఒకడు అరిచాడు.

"ఈత రాకపోతే ఇప్పుడే చెప్పు తంబీ, ఒడ్డున కూర్చోబెడతాం!" అంది స్నేహితురాలు చీపురు ఆపకుండా.

మూడింటికి రిఫరీ వచ్చారు. సన్నని మనిషి, నవ్వని మనిషి. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు బూటు అడుగు నేలకు రాస్తూ నడిచారు. బూటు కిర్రుమన్న ప్రతిసారీ మాకు ఊపిరి వచ్చేది. ఫ్రీ త్రో గీత దగ్గర శబ్దం రాలేదు. ఆయన పైకి చూశారు. రేకులో మేకు కన్నం నుంచి చుక్క చుక్కగా నీరు కారుతోంది. కోచ్ కూలిన చోటే ఎందుకు కారాలని నేను ఎవరినీ అడగలేదు.

"మిగిలింది సరే. దీని సంగతేమిటి?" అన్నారాయన. "ఆట మధ్యలో ఎవరు తుడుస్తారు?"

అధికారి నా వైపు చూశారు. అందరూ నా వైపే చూశారు.

"నేను."

"ఆట ఆగిన ప్రతిసారీ లోపలికి వచ్చి, ఐదు సెకన్లలో తుడిచి వెళ్ళాలి. నలభై నిమిషాల ఆట అంతా."

"వస్తాను."

"ఎవరైనా జారితే అక్కడితో ఆపేస్తాను."

"ఎవరూ జారరు."

ఆయన బంతి తెమ్మన్నారు. అధికారి గొడుగు తెరుచుకుని గేటు దాకా వెళ్ళి, డ్రైవరుతో ఏదో చెప్పారు. బస్సు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అప్పుడు మొదలైన డప్పు ఇక ఆగలేదు.

ఆట మొదలయ్యాక నేను చూసింది ఆట కాదు, ఆ చుక్క. విజిల్ వినపడగానే పరుగెత్తడం, అమ్మ చీర ముక్కతో రెండుసార్లు అడ్డంగా, ఒకసారి నిలువుగా తుడవడం, గీత బయటికి రావడం. నాలుగోసారి లోపలికి వెళ్ళినప్పుడు అవతలి జట్టులోని పొడుగాటి కుర్రాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"అక్కా, పనిలో పనిగా నా బూట్లు కూడా తుడవచ్చు కదా?"

వాళ్ళ వైపు మెట్లన్నీ పగలబడి నవ్వాయి. నేను లేవలేదు. గుడ్డను పొడి వైపుకు తిప్పి అతని ముందు నేల మీద పరిచాను.

"పెట్టు. నువ్వే రుద్దుకో," అన్నాను. "నేల తడిగా ఉందని ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి నీకు సాకు మిగలకూడదు."

ఈసారి లేచింది మా వైపు అరుపు. ఆ కుర్రాడు తల గోక్కుని, నిజంగానే రెండు బూట్లూ గుడ్డ మీద పెట్టి బుద్ధిగా రుద్దుకున్నాడు. రిఫరీ చెయ్యి ఊపారు.

"చాలు. బయటికి."

బయటికి వచ్చాను. మేము ఆరు పాయింట్లు వెనకబడి ఉన్నాం. మా కెప్టెన్ ఆ గీత మీద నిలబడి, బంతిని మూడుసార్లు నేలకు కొట్టి, మోకాళ్ళు వంచాడు. నేను గుడ్డ పిండి, మడత పెట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నాను. పైన రేకు కన్నంలో మరో చుక్క అప్పటికే ఊరుతోంది. రానీ, అనుకున్నాను.