దారం కట్టిన బీరకాయ

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. కూర్చుంటే చేతులు ఏదో ఒక పని వెతుక్కుంటాయి. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది ధాగా కటింగ్. సూరత్‌లోని బమ్రోలిలో మా గల్లీ ఆడవాళ్లలో సగం మంది చేసేది అదే. పొద్దున టెంపోలో చీరల మూటలు వస్తాయి. ఒక్కో చీర విప్పి, వెనకవైపు పువ్వుకూ పువ్వుకూ మధ్య వేలాడే దారాలను చిన్న కత్తెరతో తీసేసి, మళ్లీ మడతపెట్టాలి. సాయంత్రం టెంపో వచ్చి తీసుకుపోతుంది. ఆ కత్తెర అరచేతిలో దాగేంత చిన్నది. దాన్ని చేతిలో ఉంచుకునే కూర కలుపుతాను, తలుపు తీస్తాను, ఫోన్ మాట్లాడతాను. దారం కొస కంటబడితే చాలు, నేను అనుకునేలోపే కత్తెర దాని మీద పడిపోయి ఉంటుంది. ఒకసారి ఎవరిదో పెళ్లిలో నా ముందు కూర్చున్నావిడ జాకెట్ నుంచి వేలాడుతున్న దారాన్ని, చేతిలో కత్తెర లేక, వంగి పంటితో కొరికేశాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. మా ఆయన మగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు, దారాలంటే ఆయనకూ కొత్త కాదు. అయినా అప్పటి నుంచి నా పక్కన కూర్చునే ముందు చొక్కా ఒకసారి తడిమి చూసుకుంటాడు.

అలాంటి దాన్ని పట్టుకుని మా అమ్మాయి తోట పెట్టమంది.

తను కాలేజీలో చదువుతోంది. ఎక్కడో రెండు రోజుల క్లాసుకు వెళ్లి పర్మాకల్చర్ అనే మాట పట్టుకొచ్చింది. అడవి తనను తాను ఎలా చూసుకుంటుందో ఇల్లు కూడా అలాగే చూసుకోవాలట. ఇంట్లో పుట్టిన చెత్త ఇంట్లోనే ఎరువు కావాలి, కడిగిన నీళ్లు మళ్లీ ఎక్కడో పనికి రావాలి, పెట్టిన ప్రతి వస్తువూ రెండు పనులు చేయాలి. మాది మూడో అంతస్తులో అద్దె గది, పైన డాబా. డాబా మీద పగిలిన నీళ్ల ట్యాంకు ఒకటి ఏళ్లుగా పడి ఉంది. దాన్ని అడ్డంగా సగానికి కోసి మట్టి నింపుదామంది. నేను కొంగు దోపుకుని లేచాను.

"మొదటి పని ఏంది?" అన్నాను.

"చూసుడు."

"ఏం చూసుడు?"

"ఊకె చూసుడే మమ్మీ. ఎండ యాడ పడుతది, గాలి ఎటుకెళ్లి వస్తది, వాన నీళ్లు యాడ ఆగుతయి. ఒక సాల్ మొత్తం చూసినంకనే నాటాలె."

ఏడాదంతా ఊరికే చూడాలట. నాకు ఒళ్లు మండింది. అలా చెప్పినవాళ్లెవరో ఒక్క రోజు మా ఇంట్లో మూట విప్పి కూర్చోవాలి అనుకున్నాను. బేరమాడితే నెలకు దిగింది. నేను చూసింది నాలుగు రోజులు. ఐదో రోజు తను కాలేజీకి వెళ్లగానే కోసిన ట్యాంకులో మట్టి నింపి గింజలు నాటేశాను.

ఆ గింజల సంగతి చెప్పాలి. అంతకు ముందు దీపావళి రోజుల్లో మా అమ్మ పోయింది. సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చినప్పుడు ఆమె వెంట తెచ్చుకున్న వాటిలో చివరిదాకా మిగిలింది ఒక బీర తీగే. ఉధ్నాలో ఇరుకు ఖోళీ గదుల్లో ఉన్నప్పుడు నూనె డబ్బాలో పెంచింది, బమ్రోలికి మారాక పెయింటు బకెట్‌లో పెంచింది. కాయ కూరకు, చెక్కు తొక్కు పచ్చడికి, ముదిరిన కాయ పీచు గిన్నెలు తోమడానికి. ప్రతి ఏడూ తీగకు కాసిన మొదటి మంచి కాయను తినేది కాదు. దాని తొడిమకు ఒక దారం కట్టేది. దారం కట్టిన కాయ జోలికి ఎవరూ పోకూడదు. అది తీగ మీదే ముదిరి, ఎండి, ఊపితే గలగలమనాలి. అప్పుడు గింజలు డబ్బాలోకి పోయేవి. మా అమ్మాయి క్లాసుకు వెళ్లి నేర్చుకున్నదంతా మా అమ్మ పేరు పెట్టకుండా చేసుకుపోయింది.

అమ్మ దారం కట్టిన చివరి కాయ మా వంటింట్లో మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. విప్పితే పురుగు పట్టి చాలా గింజలు డొల్లలై ఉన్నాయి. నల్లగా, గట్టిగా ఉన్నవి నాలుగు. అవి పోతే అమ్మ బీరకాయ ఇక లేనట్టే. బజార్లో బీరకాయలకేం, గంపలకొద్దీ ఉంటాయి. నాకు కావలసింది అవి కాదు. ఆ నాలుగు గింజలు నా చేతిలో ఉన్నంతసేపూ నా గుండె నిలకడగా లేదు.

నిలకడ లేకపోవడం వల్లే ఒకటి పోయింది. మొలిచిందో లేదో అని రోజూ వేలితో మట్టి కదిపి చూసేదాన్ని. మూడో రోజు దాని లేత మెడ నా వేలికే విరిగింది. ఇంకొకటి మట్టిలో కుళ్లింది. ఇంకొకటి రెండాకులు వేశాక పావురం పాలైంది. ఒక్కటి నిలబడింది.

దాని మొదలు దగ్గర మట్టి ఎండకుండా ఏదైనా కప్పాలని మా అమ్మాయి చెప్పింది. ఎండుటాకులైతే మంచిదట. మా గల్లీలో ఆకు రాలాలంటే ముందు చెట్టుండాలి కదా. నా దగ్గర కత్తిరించిన దారాలు గోనెలకు గోనెలున్నాయి. మా అమ్మ చిన్నప్పుడు నూలు పీలికలు పెంటకుప్పలో వేస్తే మట్టిలో కలిసిపోయేవని చెప్పేది. అది గుర్తొచ్చి, మొక్క చుట్టూ బెత్తెడు మందాన దారాలు పరిచేశాను. ఎంత తెలివిగల పని చేశానో అని ఆ రోజంతా నన్ను నేనే మెచ్చుకున్నాను. నెల తర్వాత చూస్తే ఎరుపు ఎరుపుగానే, జరీ జరీలాగే మెరుస్తోంది. వాన నీళ్లు పైపైనే జారిపోతున్నాయి.

"మమ్మీ, అమ్మమ్మది సూతి నూలు. మనది పాలిస్టర్," అంది మా అమ్మాయి నెత్తి పట్టుకుని. "యే కభీ నహీ సడేగా, ఎన్నటికి కుళ్లదు. నా మనుమరాండ్లు కూడ ఇవే ఏరుకుంట కూసుంటరు."

ఇరవై ఏళ్లుగా దారాల మధ్య బతుకుతున్నదాన్ని, ఏ దారం ఏదో మరిచిపోయాను. ఆదివారమంతా ఇద్దరం కూర్చుని వేళ్లతో ఏరాం. ఏరుతూ ఏరుతూ తనే అంది, కుళ్లనిది కాబట్టి పందిరికి బాగుంటుందని. మా ఆయన కార్ఖానా నుంచి చీరల అంచు పీలికలు తెచ్చాడు. వాటిని పేని, గోడ మేకు నుంచి నీళ్ల పైపు దాకా తాళ్లు కట్టాం. తీగ వారం తిరక్కుండా వాటి మీదికెక్కింది. బియ్యం కడిగిన నీళ్లు దానికే, పప్పు కడిగిన నీళ్లు దానికే. కూరగాయల తొక్కులు, టీ పొడి పక్క బకెట్‌లో మగ్గి దానికే. నేను గంటకోసారి పైకెక్కి దిగుతుంటే, మెట్ల దగ్గరి ఒడియా ఇంటావిడ డాబా మీద ఎవరైనా జబ్బుగా ఉన్నారా అని అడిగింది.

పూత వచ్చింది కానీ మొదట్లో అన్నీ మగపూలే, ఆడపూలు కొన్నాళ్లకు గానీ రాలేదు. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం, సరిగ్గా టెంపో వచ్చే వేళకు. అంతెత్తున డాబా మీదికి తేనెటీగలు రాలేదు. మా అమ్మాయి మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దడం నేర్పింది. మూడు పిందెలు కట్టాయి. రెండింటిని ఈగ పొడిచి వంకర తిప్పింది. ఒక్కటి సూటిగా, అంచులు తేలి, జానెడు దిగింది. అమ్మ చేసినట్టే దాని తొడిమకు ఎర్ర దారం కట్టాను. కట్టి చాలాసేపు చూశాను. ఎన్నాళ్లకో కడుపునిండా ఊపిరి పీల్చుకున్నట్టయింది.

దీపావళి దగ్గర పడుతోంది. మూటల మీద మూటలు దిగుతున్నాయి. గదిలో కాలు పెట్టే చోటు లేక చీరలు డాబా మీదికి తెచ్చుకుని, పందిరి కింద కూర్చుని కత్తిరించేదాన్ని. చుట్టూ దారాలే. ఒళ్లో చీర నిండా దారాలు, నెత్తి మీద పందిరి తాళ్ల కొసలు విడిపోయి గాలికి ఊగే దారాలు. లేచినప్పుడల్లా వాటినీ కత్తిరిస్తూ ఉండేదాన్ని. మనసు ఎక్కడో ఉండేది, చేయి తన పని తను చేసుకుపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం, ముందురోజు టెంపోకు అందని మూట అప్పగించడానికి పాండేసరా దాకా వెళ్లి వచ్చేసరికి ఇల్లంతా పోపు వాసన. మా అమ్మాయి కంచం ముందు పెట్టింది. బీరకాయ కూర, పక్కన చెక్కు తొక్కు. "అమ్మమ్మ లెక్కనే చేసిన, తిను," అంది. ఆకలి మీద ఉన్నాను. రెండు ముద్దలు తిన్నాను. చాలా బాగుంది. అమ్మ చేతి కూరలాగే ఉంది. మూడో ముద్ద నోటి దగ్గరికి వెళ్లాక అడిగాను.

"కాయ యాడిది?"

"పైనదే. మన తీగది."

కంచం తోసేసి పైకి పరుగెత్తాను. తొడిమ ఒక్కటే మిగిలి ఉంది. నా వెనకే వచ్చిన పిల్లను నానా మాటలూ అన్నాను. కళ్లు నెత్తికెక్కాయా అన్నాను, అమ్మమ్మ గుర్తును కూరొండుకుని తిన్నావన్నాను. తను ఏడవలేదు. మెల్లగా అంది.

"దానికి దారం లేకుండె మమ్మీ. ఉంటె నేనెందుకు తెంపుత?"

లేదంటే ఎలా ఉంటుంది, నేనే కదా కట్టింది అని వంగి చూశాను. పందిరి కింద, నేను కూర్చునే చోట, కత్తిరించిన దారాల కుప్పలో ఎర్ర దారం దొరికింది. ముడి ముడిగానే ఉంది. ముడి పక్కన నున్నగా తెగి ఉంది. అంత నున్నగా కోసే కత్తెర మా ఇంట్లో ఒకటే ఉంది. అది అప్పటికి కూడా నా చేతిలోనే ఉంది.

అక్కడే కూలబడ్డాను. మా అమ్మాయి పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పాను తనకు, అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి.

అమ్మ పోయింది ఇలాంటి దీపావళి గిరాకీలోనే. కిటికీ పక్క మంచం మీద ఉండేది. నేను మంచం కిందే కూర్చుని చీరలు కత్తిరించేదాన్ని, ఆమెను చూసుకుంటున్నాననే నా లెక్క. ఆ రోజు చేయి మంచం మీద నుంచి కిందికి చాపింది.

"జర చెయ్యియ్యరాదే బిడ్డా," అంది.

"ఈ ఒక్క చీర అయినంక ఇస్తనమ్మా," అన్నాను.

ఆ చీర అయింది. ఇంకొకటి చేతికొచ్చింది. కింద టెంపో హారన్ మోగింది. మూట దించి వచ్చేసరికి అమ్మ లేదు. చేయి మాత్రం అలాగే చాపి ఉంది. ఒక్క చీర ఆలస్యమైతే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఈ మాట ఆ ఏడాదంతా నన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. గింజలు దక్కితే కాస్తయినా కుదుటపడతానేమో అనుకున్నాను. వాటిని కూడా నా చేతులే పోగొట్టాయి.

మా అమ్మాయి నా అరచేయి విప్పి కత్తెర తీసుకుంది. "పైకొచ్చినప్పుడు ఇది మెట్ల మీదనే," అంది. అంతే, అది మా ఇంటి చట్టమైంది.

తీగ అప్పటికే వాడుముఖం పట్టింది, ఆకులకు బూడిద పట్టింది. చివరన మాత్రం ఒక చిగురు పచ్చగా ఉంది. దాని కింద, మొక్కజొన్న గింజంత పిందెతో, ఆడమొగ్గ ఒకటి. ఇక నేను చేయగలిగిందేమీ లేదు. మొదటి రోజే చెప్పిన పని మిగిలింది, ఊరికే చూడడం. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. అది ఎంత కష్టమో చీరల మూటలు మోసిన నాకే తెలుసు.

ఆ మొగ్గ పూసింది. మా అమ్మాయి అద్దిన పుప్పొడి పట్టింది. కాయ చిన్నదే, వంకరే, కానీ చలికాలం వెళ్లేదాకా తీగ మీద ఉండి ఎండింది. ఊపితే గలగలమంది. గింజలు ఇప్పుడు అమ్మ డబ్బాలోనే ఉన్నాయి. ఆ కాయకు మాత్రం దారం కట్టలేదు, కట్టనివ్వలేదు.

కానీ నాకు తరచూ గుర్తొచ్చేది కాయ ఎండిన రోజు కాదు. అది ఇంకా బొటనవేలంత పిందెగా ఉన్నప్పటి ఒక సాయంత్రం. పక్కనే చిగురు నుంచి ఒక నులితీగ పుట్టి, పట్టుకోవడానికి ఏమీ అందక గాలిలో ఆడుతోంది. అచ్చం దారంలా ఉంది. కత్తెర మెట్ల మీద ఉండబట్టి బతికిపోయింది. ఏం తోచిందో, నా చూపుడు వేలు దాని దగ్గర పెట్టాను. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత దాని కొస నా గోరు పక్కగా మెల్లగా వంగింది. ఇంకొంతసేపటికి వేలి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. బరువు లేదు, కానీ పట్టుకున్నట్టు తెలుస్తోంది. నా కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కదలలేదు.

కింద హారన్ మోగింది. విప్పని చీరలు ఇంకా సగం మూట ఉన్నాయి. "భాభీ, మాల్ తైయార్ ఛే?" అని టెంపో అతను అరిచాడు. మళ్లీ హారన్ కొట్టాడు. మా అమ్మాయి మెట్ల మీద నుంచి పిలిచింది.

"మమ్మీ, టెంపో వచ్చింది."

"ఆగుమను," అన్నాను. "నా చెయ్యి ఖాలీ లేదు."