తలకిందుల గుట్ట

గుంటను గుట్ట అనుకుని, దానిమీద చమురు బావి తవ్వించబోయిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? నేనే. ఆ రోజు పట్టిన వణుకు ఇంకా పూర్తిగా వదల్లేదు.

అప్పుడు ఉప్పల్‌లో ఒక చమురు అన్వేషణ కంపెనీలో కొత్తగా చేరాను. నేలలోకి ప్రకంపనలు పంపితే, రాతిపొరలకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనులతో కంప్యూటర్ త్రీడీ బొమ్మ కడుతుంది. దాన్ని మౌస్‌తో తిప్పుతూ పొరలు గుట్టలా ఎక్కడ ఉబ్బాయో వెతకడం నా పని. చమురు ఆ ఉబ్బుల్లోనే చేరుతుంది. గుంటలో తవ్వితే మిగిలేది నీళ్లూ, తిట్లూ.

ఒక మధ్యాహ్నం దొరికింది నా గుట్ట. బోర్లించిన మూకుడులా ఎంత ముద్దుగా ఉందో! మా బాసు మూర్తిగారికి చూపించాను.

"శభాష్! బావి ఇక్కడే. రేపు డైరెక్టరుగారి ముందు పెట్టేద్దాం" అన్నారు.

మర్నాడు మీటింగుకు ముందు, నాతో పనిచేసే యాదగిరన్న నాచారం నుంచి వస్తూనే నా దగ్గరికొచ్చాడు.

"మస్తు గుట్ట దొరికిందంట గదా తమ్మీ! జర నాకు గూడ తిప్పి సూపియ్యి."

గొప్పగా తిప్పాను. అప్పుడు కనబడింది, తెర మూలన 'పైవైపు' చూపించే బాణం. అది నేలచూపులు చూస్తోంది!

"అన్నా... నేను నిన్నంతా భూమిని కిందనుంచి చూశానే!"

"అంటే గిది గుట్ట గాదా?"

"గుంట."

"ఆగమైనవ్ పో! ఉరికి సార్‌కు జెప్పు. లేకుంటే గా గుంటలనే నిన్ను బొంద వెడ్తరు."

నాకు పెళ్లి కుదిరి ఉంది. కాబోయే మామగారు ఈ ఉద్యోగం చూసే పిల్లనిస్తానన్నారు, నా ముఖం చూసి కాదు. ఉద్యోగం పోతే ఆ ముఖమొక్కటే మిగులుతుంది. భయం వెయ్యదా మరి! దేవుళ్లందరికీ పేరుపేరునా మొక్కుకుంటూ మూర్తిగారి గదిలోకి వెళ్లాను.

"సార్, ఆ గుట్ట... గుంటండీ. బొమ్మ తలకిందులైంది."

సార్ అరవలేదు. లేచి తలుపు వేశారు. అది చూసి నా ప్రాణం సగం పోయింది. ఆయన ముందున్న తెర మీద మీటింగులో చూపించాల్సిన మొదటి స్లైడు వెలుగుతోంది: 'ఈ గుట్టను కనుగొన్నవారు: మూర్తి'. భూతద్దం పెట్టి వెతికినా నా పేరు లేదు.

సార్ చెమట తుడుచుకుంటూ, ఎన్నడూ లేనంత ప్రేమగా అడిగారు: "నాయనా, కష్టపడింది నువ్వు కదా... ఇక్కడ నీ పేరు వేసేద్దామా?"

"అయ్యో, అంత కీర్తి నాకెందుకండీ!" అన్నాను, గుమ్మం వైపు జరుగుతూ.

చివరికి, డేటా ఇంకోసారి చూడాలని డైరెక్టరుగారికి ఇద్దరం కలిసే చెప్పుకున్నాం. బావి ఆగింది, నా పెళ్లి ఆగలేదు.

అందుకే భూదేవి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పైనేదో కిందేదో తేలేదాకా భూగర్భంలో దేన్నీ కనిపెట్టను. ఖర్మకాలి కనిపెట్టానే అనుకోండి, బాసు పేరు పడేదాకా కుర్చీలోంచి లేవను.