ఇద్దరు ఓబులేసులు, ఒక లైసెన్సు

1955వ సంవత్సరం. కడప జిల్లాలో ఒక తాలూకా కోర్టు. నేను నల్లకోటు తొడిగి రెండేళ్లయింది. అప్పట్లో మద్యనిషేధం. తాగి గొడవ చేయనక్కరలేదు, తాగితేనే నేరం. కాబట్టి తాగి బండి నడిపినవాడు దొరికితే చార్జిషీటులో రెండు నేరాలు పడేవి: తాగినందుకు ఒకటి, తాగి నడిపినందుకు ఒకటి. చార్జిషీటంటే పోలీసులు కోర్టులో వేసే నేరారోపణ పత్రం. మా సీనియరు గారు ఈ కేసులు ముట్టేవారు కాదు. "ఆ వాసన కేసులు నువ్వే చూసుకో" అని నా బల్ల మీదికి తోసేవారు. వాసన కేసులని ఎందుకనేవారంటే, మా దగ్గర రక్తపరీక్షల్లాంటివి లేవు. డాక్టరు నోరు వాసన చూసి, నాలుగడుగులు నడిపించి, నాలుగు మాటలు మాట్లాడించి రాసిచ్చే సర్టిఫికెట్టే సాక్ష్యం.

ఎండాకాలం. పొద్దున తొమ్మిదికే ఆఫీసు గోడలు కాలుతున్నాయి. మంగంపేట వైపు నుంచి లక్షుమ్మ అనే ఆవిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురాయి గనుల నుంచి రైల్వే స్టేషనుకు రాయి తోలే లారీ వీడు నడిపాడట. తిరిగి వస్తూ పట్టపగలు ఒక ఎద్దులబండిని గుద్దాడు. బండి తోలే ముసలాయనకు భుజం జారింది. పోలీసులు వచ్చేసరికి చొక్కా సారాయి కంపు. జేబులో లైసెన్సు. జామీను మీద బయట ఉన్నాడు.

"పేరు?" అన్నాను.

"ఓబులేసు."

"వయసు?"

"ఇరవై రెండు" అని వాడు, "పదిహేడు సామీ" అని తల్లి, ఇద్దరూ ఒకేసారి అన్నారు.

వాడు తల్లి వైపు గుడ్లురిమి చూశాడు. ఆమె కొంగు ముడి విప్పి బడి కాగితం తీసి నా ముందు పెట్టింది. దాని ప్రకారం ఓబులేసుకు పదిహేడు. చార్జిషీటుతో వచ్చిన నకలు చూస్తే లైసెన్సు ప్రకారం ఓబులేసుకు ఇరవై రెండు. ముఖం చూస్తే మీసం ఇంకా వద్దామా వద్దా అని ఆలోచిస్తోంది. లైసెన్సు మీది ఫొటో చూద్దామని కోర్టుకు వెళ్లి అసలు తీయించాను. చెమటకు తడిసి ముఖం ఉండాల్సిన చోట ఒక మరక ఉంది. ఖర్మ!

చదివేవారికి ఇక్కడి చిక్కు చెప్పాలి. ఇరవై ఏళ్లు నిండందే లారీ నడపకూడదని చట్టం. అదే సమయంలో, మొదటిసారి తప్పు చేసిన చిన్న వయసువాణ్ణి జైలుకు పంపకుండా మందలించి, మంచిగా ఉంటానని పూచీ రాయించుకుని వదిలే వీలు కూడా చట్టంలో ఉంది. పదిహేడంటే జైలు తప్పించవచ్చు కానీ లైసెన్సు దొంగదవుతుంది. ఇరవై రెండంటే లైసెన్సు అసలుదే అవుతుంది కానీ జైలు దాదాపు ఖాయం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నేను ఒక పూటంతా కూర్చున్నాను. ఏదీ తేలలేదు.

డాక్టరు సర్టిఫికెట్ చదివితే తల ఇంకా తిరిగింది. సారాయి వాసన ఉంది, నడక తూలలేదు, మాట తడబడలేదు, కళ్లు మామూలుగా ఉన్నాయి అని రాశాడాయన. మర్నాడు వాణ్ణి ఒక్కణ్ణే పిలిచాను.

"తాగినావా?"

"తాగినా సామీ."

"ఏం తాగినావ్?"

"సారాయి."

"ఎట్లుంటాది?"

వాడు కాస్త ఆలోచించాడు. "తియ్యగా ఉంటాది సామీ, శానా తియ్యగా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సారాయి ముఖం చూడని నాకే అది తియ్యగా ఉండదని తెలుసు. తాగలేదని గుండెలు బాదుకునే కక్షిదారులనే చూశాను. తాగానని అబద్ధమాడేవాడు దొరకడం అదే మొదలు. "ఒరే, నిజం చెప్పకపోతే నేనెట్ల నిన్ను కాపాడేది?" అని అరిచాను. వాడు నేల చూశాడు. "కాపాడొద్దు సామీ. నేరం ఒప్పుకుంటానని రాసియ్యండి. చాలు."

మూడు వాయిదాలు ఇలాగే గడిచాయి. ప్రతి వాయిదాకూ తల్లీ కొడుకులతో ఇంకొకడు వచ్చేవాడు. మా ఆఫీసు వసారాలో గోడకానుకుని ఆకూవక్కా నములుతూ కూర్చునేవాడు. అల్లుడో, మేనమామ కొడుకో అయి ఉంటాడనుకున్నాను. ఒకసారి "ఏమప్పా, కాసిన్ని నీళ్లు తెచ్చిపెట్టు" అంటే తెచ్చి ఇచ్చాడు కూడా.

నాలుగో వాయిదాకు ముందురోజు విసుగెత్తి లక్షుమ్మను కూర్చోబెట్టాను. కొడుకు పక్కనే నిలబడ్డాడు. "అమ్మా, ఈ ఒక్కటి సరిగ్గా చెప్పు. నీ కొడుకు ఓబులేసుకు ఎన్నేండ్లు?"

"ఏ ఓబులేసుకు సామీ?"

"అంటే?"

"నాకు ఇద్దురు గదా ఓబులేసులు. పెద్దోనికి సామి పేరు పెడితిమి. చిన్నోడు పుడితే వానికి మాత్రం పెట్టకుండా ఉంటామా? పెద్దోబులేసు, చిన్నోబులేసు. ఈడు చిన్నోడు."

"పెద్దోడు యాడున్నాడు?"

"అదో, వసారాలో కూచ్చోని ఉండాడే."

"ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదమ్మా!"

"మీరు అడగల్యా" అంది ఆమె అమాయకంగా.

కుల దైవం పేరు కొడుకులందరికీ పెట్టి పెద్దా, నడిపీ, చిన్నా అని పిలుచుకోవడం మా వైపు ప్రతి ఊళ్లోనూ ఉంది. మా చిన్నాన్నల ఇంట్లోనే ముగ్గురు సుబ్బరాయుళ్లు. అయినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. కాగితాల్లో పెద్దా చిన్నా ఉండవు. ఇద్దరూ ఓబులేసులే, ఇద్దరి తండ్రీ ఒకడే. పోలీసులు పేరడిగితే వీడు అబద్ధమాడలేదు. జేబులో లైసెన్సు చూసుకుంటే పేరూ తండ్రి పేరూ సరిపోయాయి. తప్పు ఎవరిదని చెప్పాలి?

చిన్నవాడు ఇక దాచలేక చెప్పేశాడు. డ్రైవరు పెద్దోబులేసు, క్లీనరు చిన్నోబులేసు. రాయి దించిన తర్వాత అన్న ఎవరో స్నేహితుడి దగ్గర తాగాడు. నిలబడలేకపోయాడు. తమ్ముడు అతణ్ణి వెనక ఖాళీ లారీలో పడుకోబెట్టాడు. తన చొక్కా మీద అన్న కక్కుకుంటే దాన్ని పారేసి అన్న ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. ఆ చొక్కా జేబులోనే లైసెన్సు. గనిలో లారీని ముందుకీ వెనక్కీ జరిపిన అనుభవంతో స్టీరింగు పట్టాడు. తాగనివాడే బండిని గుద్దాడు. వెనక పడుకున్నవాణ్ణి ఎవరూ చూడలేదు.

"ఇంత జరిగితే నువ్వెందుకు జైలుకు పోవాలిరా?"

"మా వదిన సామీ. వాళ్ల నాయన తాగి తాగి సచ్చినాడు. నువ్వు ఒక్క తూరి తాగినావని తెలిసినా నీ ఇంట్లో నిలవనని పెండ్లిలోనే చెప్పింది. ఇప్పుడు చేతిలో పసిబిడ్డ ఉండాది. మా యన్న తాగినాడని కోర్టులో చెప్తే ఊరంతా తెలుస్తాది. ఆమె పోతాది. నేను మూడు నెల్లు ఉండొస్తే ఏమి సామీ? నాకు పెండ్లామా, బిడ్డా?"

"నువ్వు జైలుకు పోతే ఆ లైసెన్సు ఎట్లాగూ మిగలదు గదా."

"లైసెన్సు పోతే పోనీలే. ఇల్లు ఉంటాది. మా యన్నకు మాత్రం చెప్పొద్దు సామీ. జుల్మానా కట్టి వదుల్తారని చెప్పినా. జైలని తెలిస్తే ఆ యప్ప ఊరుకోడు."

చెప్పనని నేను అనలేదు. చెబుతాననీ అనలేదు. వాడికి పదిహేడేనని తెలిసి తెలిసి ఇరవై రెండని కోర్టులో అబద్ధమాడలేను. పదిహేడని చెబితే అన్న బయటపడతాడు. వకాలతు వదులుకోవచ్చు, అంటే ఈ కేసులో నీ తరఫున నిలబడనని తప్పుకోవచ్చు. అప్పుడు ఆ పిల్లవాడు దిక్కు లేకుండా వెళ్లి నేరం ఒప్పుకుని జైల్లో కూర్చుంటాడు. సీనియరు గారిని అడిగితే "కక్షిదారు రహస్యం కక్షిదారుది" అని పేపరు తిప్పారు. నాకు ఒళ్లు మండింది. తాగనివాడు తాగినందుకు జైలుకు పోతుంటే చూస్తూ ఊరుకోవడానికా ఇన్ని పుస్తకాలు చదివింది!

సాయంత్రం వసారాలోకి వెళ్లి పెద్దోబులేసు పక్కన కూర్చున్నాను. "జుల్మానా కాదప్పా. నీ తమ్మునికి జైలు" అన్నాను.

అతని నోట్లో ఆకు ఆగిపోయింది. "వాడు తాగల్యా గదా సామీ."

"వాడు తాగినానంటాన్నాడు."

"నేను పోయి చెప్తే వాడు బయటికొస్తాడా?"

"తాగిన కేసు పోతాది. లైసెన్సు లేకుండా నడిపి బండిని గుద్దినందుకు చిన్నోడని మందలించి వదిలే వీలుండాది. నీకు మాత్రం జైలు తప్పదు. తాగినందుకు, లైసెన్సు లేనోని చేతికి లారీ ఇచ్చినందుకు."

అతను ఇంకేమీ అడగలేదు. ఆకు ఉమ్మేసి, పైగుడ్డ భుజాన వేసుకుని నేరుగా పోలీసు స్టేషనుకు నడిచాడు.

ఆ తర్వాత కోర్టులో అన్నీ నేను అనుకున్నట్టే జరిగాయి. సర్టిఫికెట్లో నడకా మాటా సరిగ్గానే ఉన్నాయని, వాసన చొక్కాదని వాదించాను. చిన్నవాడి మీద తాగిన కేసు కొట్టేశారు. అన్న లైసెన్సు చూపించినందుకు మేజిస్ట్రేటు గారు వాణ్ణి గట్టిగా చీవాట్లు పెట్టి, పూచీ రాయించుకుని తల్లికి అప్పగించారు. పెద్దవాడికి మూడు నెలలు. లైసెన్సు రద్దు. బార్ రూములో తోటి వకీళ్లు నా వీపు తట్టారు. చిన్నోబులేసు నావైపు ఒక్కసారి కూడా చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. వయసు వేడి, రెండు రోజుల్లో తగ్గుతుందిలే అనుకున్నాను.

మూడు నెలలు గడిచాక పెద్దోబులేసు వచ్చి వంగి దండం పెట్టాడు. "మీరు చెప్పకుంటే నా తమ్ముడు నా బదులు జైల్లో ఉండేవోడు సామీ. ఆ పాపం నేను యాడ కడుక్కోవాల?" అన్నాడు. గనిలో రాయి కొడుతున్నానని, మళ్లీ చుక్క ముట్టలేదని చెప్పాడు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

నాలుగేళ్ల తర్వాత ఒక పని మీద వెళ్లి బద్వేలులో బస్సెక్కాను. డ్రైవరు సీట్లో చిన్నోబులేసు. సొంత లైసెన్సు, నిండు మీసం. నేనే పలకరించాను. "బాగుండావా? మీ యన్న ఎట్లుండాడు?"

"ఉండాడు" అన్నాడు ముందుకే చూస్తూ. "మా వదిన పాపను తీసుకోని పుట్టింటికి పోయింది. మూడు తూర్లు పిలవబోతిమి, రాలేదు. పాప మా ముఖాలు తెలీకుండా పెరుగుతాంది."

నేను చేతిలోని సంచీ సీటు కింద పెట్టాను.

"నేను పోతానంటి గదా సామీ" అన్నాడు. "మూడు నెల్లు. దాంతో అయిపోయేది."

కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది.

ఒక ఓబులేసు నాకు దండం పెట్టాడు, ఇంకో ఓబులేసు ముఖం తిప్పుకున్నాడు. ఎవరిది సరి? ముప్పై ఏళ్లు వాదించాను, ఎన్నో తీర్పులు చదివాను, దీనికి మాత్రం జవాబు దొరకలేదు. అయినా ఆ బస్సు దిగిన రోజు నుంచి కక్షిదారు వద్దన్న మాట నా నోటి నుంచి ఒక్కటి కూడా బయటికి రాలేదు. ఆ కేసు నేర్పింది అదేనని నమ్మి నడుచుకున్నాను. అలా నడుచుకున్నందువల్ల, తర్వాతి కాలంలో, చేయని నేరానికి ఒక మనిషి నా కళ్లముందే రెండేళ్లు జైలుకు పోయాడు. అతని తల్లి వచ్చి "వాడు చెయ్యలేదని మీకు ముందే తెలుసునా సామీ?" అని అడిగింది. తెలుసునన్నాను.