నాయన బేరీజు వేసిన డ్రోన్లు

మా వైపు ఆకాశం కేసి చూసేది వాన కోసమే. నా చిన్నప్పుడు మేఘమథనం విమానం వచ్చేది. మబ్బుల్లో ఏదో మందు చల్లితే వాన పడుతుందని చెప్పేవారు. దాని చప్పుడు వినగానే అమ్మ చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేది. వాన పడిందో లేదో నాకు గుర్తు లేదు. తెల్లటి ఎండలో ఆ విమానం నిద్రలో నడిచినట్టు మెల్లగా రాప్తాడు వైపు పోవడం మాత్రం ఇంకా కళ్లలోనే ఉంది. అమ్మకు ఇప్పటికీ పైన ఏం ఎగిరినా వాన తెచ్చేదే.

పోయిన ఎండాకాలం సరిహద్దులో కాల్పులు మొదలైనప్పుడు మా తమ్ముడు అక్కడే ఉన్నాడు. సైన్యంలో, అవతలివాళ్ల డ్రోన్లను కూల్చే తుపాకుల దగ్గర వాడి పని. వాడి నుంచి ఫోన్ లేదు. నేను ఏటా లాగే విత్తనానికి వేరుశనగ కాయలు ఒలవడానికి పుట్టింటికి పోయాను. మిషన్‌లో వేస్తే గింజ పైపొర చిట్లి మొలక సరిగ్గా రాదని, విత్తనం వరకు మా ఇంట్లో చేత్తోనే ఒలుస్తారు. వేళ్లు వాటి పాటికి అవి కదులుతుంటే మనసు ఎక్కడికో పోయేది. నేనెన్నడూ చూడని ఒక ఇసుక దిబ్బ కనిపించేది. దాని మీద మా వాడు తల పైకెత్తి కూర్చుని ఉండేవాడు. గింజ చేటలో పడిన చప్పుడుకు మళ్లీ ఇంట్లోకి వచ్చేదాన్ని.

నాయన కాయల కుప్పకు అవతల, టీవీకి ఎదురుగా కూర్చునేవాడు. బండలాగుడు పోటీల్లో ఎద్దుల జతలను అంచనా కట్టడంలో ఆయన దిట్ట. అదే చూపుతో రెండు దేశాల డ్రోన్లనూ బేరీజు వేయసాగాడు.

"మనది దూరం పోతాది, శానాసేపు పైన్నే ఉంటాది. వాళ్లవి తక్కువ రేటువి, మందలు మందలుగా తోల్తాండారు. గురిలో మాత్రం మన బాంబును మించింది లేదు. ఈడ ఇడిస్తే తాడిపత్రిలో నువ్వు చెప్పిన కిటికీలో దూరాల!"

మాటలు కోటలు దాటుతున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"వాళ్ల బాంబుకూ గురి ఉండాది కదా నాయనా. అది యాడికి దూరాల?"

ఆయన రిమోట్ తీసుకుని చానల్ మార్చాడు. నాది కోపం కాదు, భయం. ఆయనదీ అంతేనేమో, నాకప్పుడు తోచలేదు.

కాల్పులు ఆగాయి. కొన్నాళ్లకు తమ్ముడు సెలవు మీద వచ్చాడు. చిక్కాడు గానీ మామూలుగానే ఉన్నాడనిపించింది. వాన ఇంకా రాలేదు, మేము కాయలు ఒలుస్తూనే ఉన్నాం. వాడూ మాతో కూర్చున్నాడు. నాయనకు పండగే.

"నువ్వు కండ్లారా చూసినావు కదప్పా. మనది గొప్పదా, వాళ్లది గొప్పదా?"

"రెండూ బాగుండాయి నాయనా," అని వాడు నవ్వాడు.

అంతలో పక్కనున్న చీనీ తోట, అదే బత్తాయి తోట మీద సన్నగా రొద లేచింది. చెట్లకు మందు కొట్టడానికి తోటాయన బాడుగకు డ్రోన్ తెప్పించాడని మాకెవరికీ తెలియదు. అమ్మ లేచి వాకిట్లోకి పోయి, అలవాటుగా ముఖం పైకెత్తింది.

"వాన ఇమానం వచ్చినట్టుండాదే!"

తమ్ముడి ఒళ్లోని చేట ఎగిరిపడింది. ఒక్క ఉరుకున పోయి అమ్మను నేలకు లాగి, ఆమె తలను రెండు చేతులతో కప్పి, మీద పడుకున్నాడు. డ్రోన్ మా గోడ దాకా వచ్చి వెనక్కి తిరిగింది. ఎండలో మందు మంచులా చీనీ ఆకుల మీదికి దిగుతోంది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. నేను కదల్లేకపోయాను.

అమ్మ మందు వాసన పట్టి, కింద నుంచే వాడి వీపు నిమిరింది. "లెయ్ నాయనా, అది చెట్లకు మందు కొట్టేది."

వాడు చాలాసేపటికి లేచాడు. మోచెయ్యి గీరుకుపోయింది. మా ముఖాలు చూడలేక గడప మీద కూర్చున్నాడు.

నాయన టీవీ ఆపి, వాడి పక్కన కూర్చుని, చేతికంటిన మట్టి తుడిచాడు. సెలవు అయిపోతే వాడు మళ్లీ అక్కడికే పోవాలి.

"ఆడ దినామూ ఇట్లేనారా?"

"లేదు నాయనా," అన్నాడు తమ్ముడు. "ఆడ ఇంత బయం ఉండదు. ఆడ అమ్మ ఉండదు కదా."