పక్క చేనుకు చేరని సువార్త

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. చెంబెడు నీళ్లు కనబడితే చెరువంటాను. మా మేనమామ గొంతు విషయంలో మాత్రం ఆ అవసరం అంతగా రాదు. ఆదివారం సాయంత్రం ఆయన సత్తెనపల్లి బస్టాండు ఎదుట చేతిమైకు పట్టుకుని "తీర్పు దినం వస్తోంది!" అన్నాడంటే, నరసరావుపేట బస్సు టైముకన్నా ముందే కదిలిపోయేది.

మామయ్య పాస్టరు కాదు, మిరప రైతు. దేవుడు ఒకనాడు అందరికీ తీర్పు తీరుస్తాడనీ, రక్షణ సంగతి తెలిసీ ఎదుటివాడికి చెప్పకపోతే ముందు తననే నిలదీస్తాడనీ ఆయన నమ్మకం. అందుకే ఊరూరా చెప్పాడు. పత్తి లారీలకు చెప్పాడు. ఒకసారి కరెంటు స్తంభమెక్కిన లైన్‌మన్‌కు కింద నిలబడి చెప్పాడు. పాపం, అతనికి దిగే దారి లేదు.

చెప్పనిది ఒక్కరికే, పక్క చేను ఆయనకు. చిన్నప్పటి నుంచీ ఒకే గట్టు మీద కూర్చుని చద్దన్నం తిన్నవాళ్లు. కొత్తవాళ్ల ముందు సింహంలా గర్జించే మామయ్యకు, తన లాగూ జారిన రోజులు ఎరిగిన మనిషి ముందు నోరు పెగిలేది కాదు.

ఈ మార్చిలో ఆ పక్క చేను ఆయనకు గుండె ఆపరేషన్ అన్నారు. గుంటూరులో, మర్నాడే. ఆ మాట వినగానే మామయ్య వచ్చి నా బండెక్కాడు. మైకు ఇంట్లోనే వదిలేశాడు.

మేం వెళ్లేసరికి ఆయన కళ్లంలో ఆరబోసిన మిరపకాయల్లోంచి తాలు ఏరుతున్నాడు. తెల్లబారిన కాయలు ఒక పక్కకు, ఎర్రవి ఒక పక్కకు.

"రేపు ఆపరేషన్ పెట్టుకుని ఇదేంట్రా?"

"కోసేది గుండెనిరా, చేతుల్ని కాదుగా. కూర్చో."

మామయ్య కూర్చున్నాడు. ఎండ గురించి, రేటు గురించి, తామర పురుగు గురించి మాట్లాడాడు. ఇంతలో పడమట నుంచి ఏనుగుల మందంత నల్లమబ్బు కమ్ముకొచ్చింది. ఇద్దరూ లేచి టార్పాలిన్ పట్టా చెరో కొస పట్టుకుని కాయల మీదకు లాగుతుంటే, ఒకరి మొహం ఒకరికి కనబడని ఆ పట్టా చాటు నుంచి మామయ్య అన్నాడు:

"ఒరేయ్, దేవుడూ ఒకరోజు ఇలాగే ఏరతాడ్రా. తాలు వేరు, ఎరుపు వేరు."

"తాలుకీ రేటుందిగదరా. మనమేమన్నా పారేస్తున్నామా?"

బస్టాండులో ఎవరూ అడగని ప్రశ్న.

"నేనూ తాలునేరా. నాకూ రేటు కట్టినవాడొకడున్నాడు. సిలువ మీద ప్రాణం పెట్టి కట్టాడు. అది చెబుదామనే వచ్చా."

అవతలి కొస లాగడం ఆగింది.

"ఊళ్లన్నిటికీ చెప్పావు. నాకెందుకు చెప్పలేదురా ఇన్నేళ్లూ?"

తీర్పు నాడు వినాల్సి వస్తుందని మామయ్య భయపడ్డ ప్రశ్న అదే. అది కళ్లంలోనే వచ్చి పడింది.

"సిగ్గేసిందిరా," అన్నాడు. మైకు లేకపోతే ఆయనది అంత చిన్న గొంతని నాకప్పుడే తెలిసింది.

"సరే, ఇప్పుడు చెప్పు. మొదట్నించీ చెప్పు. అరవమాక, అసలే గుండె వీకు."

పొద్దుగూకేదాకా చెప్పాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన నమ్మాడో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు.

బస్సునూ లైన్‌మన్‌నూ కాస్త సాగదీశాను. పూర్తిగా కల్పించింది మాత్రం మబ్బు ఒక్కటే. ఆ రోజు ఆకాశంలో దూదిపింజంత మేఘం లేదు. నిప్పులు చెరిగే ఎండలో, ఇంకా ఎండాల్సిన కాయల మీద వాళ్లు పట్టా కప్పారు. ముందు లేచి పట్టా అందుకున్నది మామయ్య. ఎందుకని అడక్కుండా రెండో కొస పట్టుకున్నది ఆయన.