సేవ్ అయిందని చెప్పించింది నేనే

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దించుకుందామంటే ఎవరి ముందు దించాలో తోచలేదు. ఇంట్లో వాళ్ళకు చెప్పలేను. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో సాకులు వెతికితే నమ్మకండి. ఆ పని నాకు బాగా అలవాటు.

ఊళ్ళలో ఇంటర్నెట్ సెంటర్లు కిటకిటలాడిన రోజులవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్ళం కొందరం కలిసి ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాం. టమోటా ధరలు, బస్సుల వేళలు, రక్తదాతల పేర్లు, ఊరి కబుర్లు అన్నీ అందులోనే. సర్వర్ మదనపల్లెలో ఒక మేడమీది గదిలో ఉండేది. దాని డేటాబేస్ బాధ్యత నాది. పుంగనూరులో ఇంటర్నెట్ సెంటర్ నడిపే సరళమ్మ ఆ చుట్టుపక్కల వివరాలు చీటీల మీద రాసుకుని ఎక్కించేది. ఎవరూ ఆమెను అడగలేదు. ఇష్టపడి చేసేది.

పొద్దున టమోటా మండీలో వేలంపాట మొదలయ్యేసరికి జనమంతా ఒక్కసారిగా సైటు మీద పడేవారు. ఎవరు ఏది ఎక్కించినా డేటాబేస్ దాన్ని హార్డ్ డిస్క్ మీద రాసుకుని, ఆ తర్వాతే ‘సేవ్ అయింది’ అని చూపించేది. మా పాత డిస్క్ ఆ తాకిడికి చతికిలబడేది. నీ సైటు తెరుచుకునేలోపు కాయలు కుళ్ళిపోతున్నాయని మండీ వాళ్ళు నన్ను ఆటపట్టించేవారు. నాకు రోషం ఎక్కువ. ఒక సెట్టింగ్ మార్చాను. ఇక ఎక్కించినదంతా ముందు మెమరీలోనే ఉంటుంది, ‘సేవ్ అయింది’ అని మాత్రం వెంటనే వచ్చేస్తుంది. డిస్క్ మీదికి నేను చెప్పినప్పుడే చేరుతుంది.

మరి కరెంటు పోతే? మెమరీలో ఉన్నదంతా పోతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అయితే మా దగ్గర అన్నం వేళ తప్పినా కరెంటు కోత వేళ తప్పేది కాదు. కోతకు కాస్త ముందు అంతా డిస్క్ మీద రాయించి, సర్వర్ ఆపేసి, టీ తాగడానికి దిగేవాణ్ణి. కరెంటు కోతను నమ్ముకుని డేటాబేస్ నడిపిన ఘనుణ్ణి నేను. సైటు చకచకా తెరుచుకుంది. మీటింగులో నాకు శాలువా కప్పారు. ఆ సెట్టింగ్ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పైగా సరళమ్మకు గొప్పగా చెప్పాను, సేవ్ అయిందని వచ్చాక చీటీలు ఎందుకమ్మా, చించి పారెయ్యి అని.

ఒకరోజు హార్స్లీ హిల్స్ వైపు లైను మీద చెట్టు పడింది. కోత వేళకు ఇంకా చాలాసేపు ఉండగానే కరెంటు పోయింది. తిరిగి వచ్చాక సర్వర్ వేసి చూస్తే ఆ పొద్దున ఎక్కినది ఒక్కటీ లేదు. టమోటా ధరలు మండీకి ఫోన్ చేసి కనుక్కుని నేనే మళ్ళీ కొట్టాను. రక్తదాతల జాబితా తెరిచాను. అందులో ముందురోజు పేర్లే చివరివి. పుంగనూరుకు ఫోన్ చేసి, పొద్దున ఎక్కించినవి పోయాయమ్మా, మళ్ళీ ఎక్కించు అంటే సరిపోయేది. ఎందుకు చేయలేదు? ఎందుకు పోయాయని ఆమె అడుగుతుంది. చెప్పాలి. శాలువా కప్పుకున్న మనిషినయ్యె! ఆ పొద్దున ఏమీ ఎక్కించి ఉండదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటున్నప్పుడే అది నిజం కాకపోవచ్చని నాకు తెలుసు.

ఆ సాయంత్రం కుప్పంలో మునియప్ప అనే అతను మా సైటులో ఓ నెగటివ్ రక్తం కోసం వెతికాడు. కాన్పయ్యాక అతని భార్యకు రక్తం ఆగలేదు. జాబితాలో ఆ గ్రూపు వాళ్ళెవరూ కనిపించలేదు. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ఆమె ప్రాణం పోయింది.

తర్వాత తెలిసింది, నిమ్మనపల్లె నుంచి వచ్చిన ఓ నెగటివ్ గ్రూపు దాత పేరు సరళమ్మ ఆ పొద్దునే ఎక్కించిందని. పేరు ఇచ్చానని ఆ దాత చెబితే, మరి జాబితాలో ఎందుకు లేదని అందరూ ఆమెను నిలదీశారు, ఎక్కించానని ఆమె అంటే ఎవరూ నమ్మలేదు. నాకు ఫోన్ చేసింది.

“అప్పా, నేను ఎక్కిచ్చినానప్పా. సేవ్ అయిందని కూడా వచ్చె. ఆయన నా పక్కనే కూసోని నంబరు సెప్పినాడు. నువ్వన్నా వాళ్ళకి సెప్పప్పా.”

“సేవ్ అయింటే ఈడ ఉండల్ల కదమ్మా. ఈడ లేదు. నొక్కేది మర్సిపోయినావేమో సూడు.”

అంతే అన్నాను. నిదానంగా, ఓదార్చే గొంతుతో అన్నాను. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆమె ఇంకేమైనా అడిగేలోపే నేనే ఫోన్ పెట్టేశాను. మరునాడు సెట్టింగ్ మళ్ళీ పాతపద్ధతికి మార్చి, కొత్త బ్యాటరీ వేయించాను. సైటు నిదానమైంది, జనం సణిగారు. చేసిన తప్పు దిద్దుకున్నానని అనుకున్నాను. ఏం దిద్దాను? డేటాబేస్‌నే కదా! నిర్లక్ష్యపు మనిషని పేరు పడ్డాక సరళమ్మ సెంటర్‌కు జనం రావడం తగ్గింది, కొన్నాళ్ళకు అది మూతపడింది.

రక్తం దొరికి ఉంటే మునియప్ప భార్య బతికేదా? ఎవరూ చెప్పలేరు. ఆ అనుమానం చాటున ఎన్నో ఏళ్ళు దాక్కున్నాను, ఏమో, దక్కేది కాదేమో అనుకుంటూ అన్నం తిన్నాను, నిద్రపోయాను, నా పిల్లలకు అబద్ధం ఆడకూడదని కూడా చెప్పాను.

చాలా కాలానికి పుంగనూరు బస్టాండులో సరళమ్మ కనిపించింది. తనే పలకరించింది.

“బాగుండావా అప్పా?” అని, నేను అడక్కుండానే అంది. “ఆ పొద్దు నేనే మర్సిపోయింటాలే. సేవ్ అయిందని సూసినట్టే ఉండాది నాకు. కానీ మిషను అబద్ధం సెప్పదు గదా. ఇప్పుడు దేన్నీ నమ్మలేనప్పా. ఇంటికి తాళమేసి, మళ్ళా మళ్ళా ఎనక్కి వచ్చి సూసుకుంటాండాను.”

నవ్వుతూనే అంది. ఆ నవ్వుకైనా నేను నోరు తెరవాల్సింది. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.

చూశారా, ఆమె సెంటర్ పోవడంతో అయిపోలేదు. తన కళ్ళతో చూసినదాన్ని తానే నమ్మలేని స్థితికి ఆమెను తెచ్చాను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు, అడగను. ఇన్నేళ్ళకు నిజం రాయగలిగాను, ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఇది ఆమె దాకా చేరుతుందో లేదో. చేరకపోయినా ఒక్కసారి ఆమెతోనే చెప్పాలి. సరళమ్మా, నువ్వు మర్చిపోలేదు.